కాటిసీనులో జాషువా గొంతు

కృష్ణా డెల్టా ఊళ్ళలో ‘సత్య హరిశ్చంద్ర’ ఆడుతుంటే జనం నిద్ర ఆపుకుని కూర్చునేది కాటిసీను కోసమే. కరపత్రంలో నాటకకర్తగా బలిజేపల్లి లక్ష్మీకాంతం పేరుంటుంది. కానీ ఆ సీనులో రాగం తీసి పాడేవాటిలో, జనం ‘వన్స్‌మోర్’ కొట్టేవాటిలో కొన్ని పద్యాలు ఆయనవి కావు. గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ లోవి. నటులే తెచ్చి కలుపుకున్నారు. అవి నాటకంలో ఒదిగిపోయాయి, అయినా వేరుగానే వినిపిస్తాయి. ఎందుకని?

హరిశ్చంద్రుడిది రాజ్యం పోయిన రాజు దుఃఖం. జాషువా పద్యం ఎత్తుకోగానే ఆ రాజు పక్కకి తప్పుకుంటాడు. అంటరానితనం కాలుపెట్టని చోటు శ్మశానమొక్కటే అన్న ఎత్తిపొడుపు వినబడుతుంది. (మన ఊళ్ళలో శ్మశానాలు కూడా వేరే గదా అంటే, అది ఇంకో కథ.)

జాషువా చాలా రకాలుగా రాశారు. ‘ఫిరదౌసి’ (1932), ‘ముంతాజ్ మహలు’, ‘గబ్బిలం’ (1941), 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు పొందిన ‘క్రీస్తు చరిత్ర’. ఈ వైవిధ్యాన్ని చూపించి ఆయన్ని ‘కులాతీత కవి’ అని మెచ్చుకునేవాళ్ళున్నారు. ఆ మెప్పులో తిరకాసుంది. జాషువా పుట్టిన 1895 సెప్టెంబరులోనే, పద్దెనిమిది రోజుల ముందు, కృష్ణా జిల్లా నందమూరులో విశ్వనాథ సత్యనారాయణ పుట్టారు. విజయవాడ కాలేజీలో పాఠాలు చెబుతూ నవల, నాటకం, కావ్యం అన్నీ రాశారు. ఏది రాసినా విశ్వనాథ ముద్ర ఉందనే అన్నారు తప్ప, ఆయన్ని కులాతీతుణ్ణి చెయ్యాలని ఎవరికీ తోచలేదు. జాషువాకి మాత్రం వృత్తాలూ సమాసాలూ ప్రవేశ రుసుము. అది కట్టించుకున్నాక, “చూశారా, మనలాగే రాస్తాడు” అన్నారు. దళిత కవి కులం గురించి రాస్తే ‘ఒకటే పాట’, రాయకపోతే ‘మనవాడే’!

పోనీ, కులం ఊసే లేని ‘ఫిరదౌసి’ చూడండి. ఏళ్ళ తరబడి కావ్యం రాయించుకుని, బంగారు నాణేలిస్తానని వెండివిచ్చిన సుల్తాను కథ. కష్టం చేయించుకుని కూలి ఎగ్గొట్టడం మాలమాదిగపల్లెలకి పరాయి సంగతా?

‘గబ్బిలం’లో ఆ గొంతు దాపరికం లేకుండా పలికింది. నమూనా కాళిదాసు మేఘసందేశమే. అయితే ఇక్కడ కబురు పంపేది గుడిలోకి రానివ్వని అరుంధతీయుడు, అందుకోవలసింది కాశీలోని శివుడు. మేఘం ఎంత దూరం పోయినా గుడి బయటే ఆగిపోతుంది. గబ్బిలం గుడి లోపలే వేలాడుతుంది, పూజారి లేని వేళ చూసి ఆ దేవుడి చెవిలో నాలుగు మాటలు వెయ్యగలదు.