మూసిన ముక్క ఒకటి, తెరిచిన ముక్కలు నాలుగు

పేక అనగానే మన ఇళ్ళలో గుర్తొచ్చేది రమ్మీ. పదమూడు ముక్కలూ విసనకర్రలా పట్టుకుని, పక్కవారి కంట పడకుండా గుండెలకు హత్తుకుని ఆడే ఆట అది. అమెరికావారి పోకర్‌లో ‘స్టడ్’ అనే రకం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడి అంతర్యుద్ధకాలం (1861–65) ప్రాంతంలో వాడుకలోకి వచ్చిన యీ ఆటలో, ఎవరి ముక్కలైనా చాలావరకు అందరి కళ్ళముందే వుంటాయి.

ఇందులో సులువైనది అయిదు ముక్కలాట. జోకర్లు తీసేసిన 52 ముక్కల పేక చాలు. మొదట తలా ఒక ముక్క మూసి, ఒకటి తెరిచి పంచుతారు. మూసినదాన్ని ఎవరిది వారే చూసుకోవాలి. తెరిచినవాటిలో అతి చిన్న ముక్క ఎవరిదైతే వారు చిన్న పందెంతో మొదలుపెట్టడం చాలాచోట్ల రివాజు. మిగతావారు ఆ పందెం సరిపెట్టవచ్చు, పెంచవచ్చు, లేదా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. నిలిచినవారి పందాలు సమానమయ్యాక మరొక ముక్క తెరిచి పంచుతారు. అప్పటినుంచి పైకి కనిపించే ముక్కలు ఎవరివి గొప్పవో వారిదే మొదటి మాట. అయిదు ముక్కలూ పూర్తయ్యేసరికి నాలుగు విడతల పందెం. చివరికి మూసిన ముక్క తిప్పి పోల్చుకుంటారు. మధ్యలో అందరూ తప్పుకుంటే, మిగిలిన ఒక్కరు ఆ ముక్క చూపించకుండానే కుప్ప తీసుకోవచ్చు.

మరి ఏది గొప్ప? ఎంత అరుదైతే అంత గొప్ప. మొత్తం 25,98,960 కూర్పులు సాధ్యం. వాటిలో 13,02,540 కూర్పుల్లో ఏమీ కలవదు. అక్కడ పెద్ద ముక్కదే గెలుపు. ఒక జత వున్నవి 10,98,240. ఆపైన వరసగా రెండు జతలు, ఒకే అంకెవి మూడు, సీక్వెన్సు (రమ్మీలోలాగా గుర్తు కలవనక్కరలేదు), అయిదూ ఒకే గుర్తువైన ఫ్లష్, మూడూ రెండూ కలిసిన ఫుల్‌హౌస్. ఒకే అంకెవి నాలుగూ వచ్చేవి 624 మాత్రమే. అన్నిటికీ పైన, గుర్తు కూడా కలిసిన సీక్వెన్సులు నలభయ్యే!

అసలు ఆట లెక్కలో వుంది. నలుగురు ఆడుతున్నారనుకోండి. మీకు నాలుగు ఇస్పేట్లు వచ్చాయి. అయిదోది పడితే ఫ్లష్. మీ నాలుగూ, తక్కిన ముగ్గురి ముందు తెరిచిన తొమ్మిదీ కలిపి 13 ముక్కలు మీకు కనిపిస్తున్నాయి. కనిపించనివి 39. ఆ తొమ్మిదిలో ఇస్పేటు ఒక్కటీ లేకపోతే, మీకు పనికొచ్చేవి 39లో 9. అందులోనే అయిదు ఇస్పేట్లుంటే మిగిలినవి నాలుగే: పదింట ఒక వంతు ఆశ! చేతిలో ముక్కలు అవే అయినా, ఎదుటివారి ముక్కలు చూడని మనిషికి యీ తేడా తెలియదు. తప్పుకున్నవారు పడేసిన ముక్కలను కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఏడు ముక్కల స్టడ్‌లో మొదటి రెండూ, చివరిదీ మూసి, నడుమ నాలుగూ తెరిచి పంచుతారు. ఏడింటిలో మంచి అయిదు ఏరుకోవాలి. పందెం అయిదు విడతలు.

కొత్తవారు మొదట నేర్వవలసింది తప్పుకోవడం. ఎదుటివారికి రెండు రాజులు తెరిచివున్నాయి. మీది పదుల జత. ‘ఇంతవరకు పెట్టింది పోతుందే’ అని మరికొంత పెట్టబోతారు. కాని కుప్పలో పడ్డది ఇక మీది కాదు. రాబోయే ముక్కకు యీ పందెం తగునా అన్నదే ప్రశ్న. నలుణ్ణీ ధర్మరాజునూ ముంచింది ‘ఇంకొక్క పందెం’ అన్న ఆశే కదా!

మన రెండు రాష్ట్రాల్లోనూ డబ్బు పెట్టి యీ ఆట ఆడటానికి చట్టం ఒప్పదు. ఆ అవసరమూ లేదు. సెలవునాడు పిల్లల్ని కూర్చోబెట్టి, తలా ఇరవై చింతపిక్కలు పంచండి. మొదటి రెండు మూడు ఆటలు పందెం లేకుండా ఆడి, ముక్క తిప్పబోయేముందు అదేమై వుంటుందో ఒక్కొక్కరినీ చెప్పమనండి.