విమానపు ప్రొపెల్లరు త్రిప్పువారి జాగ్రత్తలు

ఎనుమాముల మార్కెట్టుకు మిరపబస్తాలు తెచ్చు రైతులలో పెద్దలకు ఆయిల్ ఇంజను హ్యాండిలు త్రిప్పుట తెలిసినదే. ఇంజను ఎదురుతన్నినచో బొటనవ్రేలు విరుగునని వారెరుగుదురు. ఓరుగల్లు చెంత మామునూరులో నిజాము కాలమున వెలసి, 1981 వరకు పనిచేసిన విమానాశ్రయము సంగతి తలచినపుడు, చిన్న విమానమును మేల్కొలుపుట ఆ హ్యాండిలు పనికి దాయాదియే యని మాకు తోచును. అపాయము మాత్రము చాల హెచ్చు.

ఫ్లయింగు క్లబ్బుల కొరకు బెంగుళూరున హిందూస్థాన్ సంస్థ నిర్మించిన ‘పుష్పక్’ 1958లో మొదట ఎగిరినది. దాని 90 గుర్రపుశక్తి ఇంజనును ప్రొపెల్లరు చేతితో త్రిప్పియే నడిపించెడివారు. స్విచ్చి కట్టితిమి గదా యను ధీమా ఇచ్చట చెల్లదు. ఇట్టి ఇంజనుకు నిప్పురవ్వ నిచ్చునది బ్యాటరీ కాదు, మాగ్నెటో. ఇంజను తిరిగినంతనే అది తానే విద్యుత్తు పుట్టించును. స్విచ్చి కట్టినపుడు ఆ విద్యుత్తు ఒక తీగ ద్వారా ఇంజను లోహములోనికి మళ్లిపోవును, అంతే. ఆ తీగ తెగినచో స్విచ్చి ‘ఆఫ్’లో నున్నను ఇంజను అంటుకొనవచ్చును. తీగ తెగిన మన రేడియో మూగబోవును. ఇచ్చట తీగ తెగినచో యంత్రము మేల్కొనును!

కావున చక్రములకు దిమ్మలు పెట్టి, తోక కట్టి, లోపల పని తెలిసినవాడు బ్రేకు పట్టి కూర్చున్న పిమ్మటనే త్రిప్పవలెను. “స్విచ్ ఆఫ్”, “కాంటాక్ట్” అని ఒకరనగా రెండవవారు తిరిగి పలుకవలెను. ప్రొపెల్లరు అంచును వ్రేళ్లతో చుట్టి పట్టరాదు. వ్రేలాడు ఉత్తరీయము అసలే కూడదు. లాగిన వెంటనే వెనుకకు జరుగవలెను. వేగముగ తిరుగు ప్రొపెల్లరు కంటికి కానరాదు గనుక, వేడుక చూడవచ్చిన పిల్లలను ముందే దూరముగ నిలుపవలెను.