ఆటలో అరటిపండు ఎవరూ కాకూడదు!

మన ఊళ్లలో పిల్లలు ఆడుకునేటప్పుడు మరీ చిన్నవాళ్లు వచ్చి "నేనూ ఆడతా" అని మారాం చేస్తే కాదనలేక చేర్చుకుంటారు. కానీ వాళ్లు ఔటైనా లెక్కలేదు, గెలిచినా లెక్కలేదు. అలాంటివాళ్లని 'ఆటలో అరటిపండు' అంటాం. పెళ్లయి పరాయి దేశం వచ్చిన మన ఆడవాళ్లలో చాలామంది పరిస్థితి ఇంచుమించు ఇంతే. పిక్నిక్‌కి వెళ్తే మగవాళ్లు క్రికెట్ ఆడతారు. పిల్లలు పరుగులు తీస్తారు. ఆడవాళ్లు డబ్బాలు విప్పి పులిహోర వడ్డిస్తారు. మరీ బలవంతపెడితే ఓ మ్యూజికల్ చైర్స్... అంతటితో సరి!

ఏడాదికోసారి పండగ సంబరాల్లో ఆడే ఆట వేరు. వారం వారం, పేరు రాసుకుని, లెక్క పెట్టుకుని ఆడే ఆట వేరు. ఈ రెండో రకాన్ని చక్కగా నడిపిస్తున్నవాళ్లలో గోల్ఫ్ ఆడే మహిళలు ముందుంటారు. "అది డబ్బున్నవాళ్ల ఆట కదా, మనకెందుకు?" అంటారేమో. ఖర్చు మాట నిజమే. కానీ ఆ లీగ్ నడిపే పద్ధతికి మాత్రం దీనార్లు అక్కర్లేదు. అందుకే దాని గురించి మనవాళ్లకు చెప్పాలనుకుంటున్నాం.

ఇసుకలో గోల్ఫా?

కువైట్‌కీ గోల్ఫ్‌కీ సంబంధం ఏమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. 1946లో ఇక్కడి నుంచి తొలి చమురు ఓడ బయల్దేరింది. ఆ రోజుల్లోనే కువైట్ ఆయిల్ కంపెనీ ఉద్యోగుల కోసం అహ్మదీ పట్టణం వెలిసింది. వాళ్లతో పాటు వాళ్ల ఆటలూ వచ్చాయి. పచ్చిక లేదు కాబట్టి ఎడారిలోనే గోల్ఫ్ ఆడారు. ఇసుక గోల్ఫ్‌లో 'గ్రీన్' ఉండదు, 'బ్రౌన్' ఉంటుంది. అంటే నూనె కలిపి, రోలర్‌తో చదును చేసిన ఇసుక. ఆటగాళ్లు చిన్న కృత్రిమ పచ్చిక ముక్కను చేత పట్టుకుని తిరుగుతారు. బంతిని దాని మీద పెట్టి కొడతారు. బ్రౌన్ మీద ఆట అయ్యాక అడుగుల గుర్తులు చెరిపి వెనక వచ్చేవాళ్లకి చదునుగా అప్పగిస్తారు. ఆ తర్వాతి కాలంలో హంటింగ్ అండ్ ఈక్వెస్ట్రియన్ క్లబ్ ప్రాంగణంలో సహారా పేరుతో 18 హోల్స్ పచ్చిక కోర్సు కూడా వచ్చింది.

ఈ ఆటలో ఆడవాళ్లకి చోటు ఊరికే దొరకలేదు. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో 1867లో మహిళలు సొంతంగా ఓ క్లబ్ పెట్టుకున్నారు. అయితే ఆడింది పొట్టి దెబ్బల ఆటే. చేతులెత్తి బలంగా కొట్టడం ఆడవాళ్లకి మర్యాద కాదనే రోజులవి! అదే ఊళ్లోని ప్రసిద్ధ ఆర్ అండ్ ఏ క్లబ్ మహిళల్ని సభ్యులుగా చేర్చుకోవడానికి ఓటేసింది ఎప్పుడో తెలుసా? 2014లో. అంటే దాదాపు 150 ఏళ్లు పట్టిందన్నమాట.

అసలు కిటుకు లెక్కలోనే

వారపు లీగ్‌కి ప్రాణం 'హ్యాండిక్యాప్'. ఇరవై ఏళ్లుగా ఆడుతున్న ఆవిడా, నిన్నగాక మొన్న కర్ర పట్టుకున్న ఆవిడా ఒకే పోటీలో ఉంటే మొదటి వారానికే రెండో ఆవిడ మానేస్తుంది. అలా జరక్కుండా కొత్తవాళ్లకి కొన్ని దెబ్బల వెసులుబాటు ఇస్తారు. 2020 నుంచి ప్రపంచమంతా ఒకే పద్ధతి అమల్లోకి వచ్చింది. ఆడిన చివరి 20 రౌండ్లలో బాగా ఆడిన 8 రౌండ్ల సగటును బట్టి హ్యాండిక్యాప్ కడతారు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా గరిష్ఠం 54. కొత్తగా చేరినవాళ్లు మొత్తం 54 హోల్స్ ఆడిన స్కోర్ కార్డులు ఇస్తే చాలు, వాళ్లకీ ఓ అంకె వస్తుంది.

ఉదాహరణ చూద్దాం. ఒక హోల్‌ని నాలుగు దెబ్బల్లో ముగించాలని లెక్క. అనుభవం ఉన్నావిడ నాలుగింట్లో ముగించింది. ఆ హోల్‌లో ఆమెకి వెసులుబాటేమీ లేదు. కొత్తావిడ హ్యాండిక్యాప్ 36. అంటే 18 హోల్స్‌లో ఒక్కోదానికి రెండు దెబ్బలు మినహాయింపు. ఆమె ఆరు దెబ్బల్లో ముగించినా నాలుగు కిందే లెక్క. ఇద్దరికీ చెరో రెండు పాయింట్లు! ఈ పాయింట్ల పద్ధతిని 'స్టేబుల్‌ఫోర్డ్' అంటారు. ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే డాక్టరు రూపొందించిన ఈ పద్ధతిలో 1932లో ఇంగ్లాండ్‌లోని వాలసీ క్లబ్‌లో పోటీ పెట్టారు. ఇందులో ఇంకో సుఖం ఉంది. ఒక హోల్‌లో పది దెబ్బలు కొట్టినా బంతి పడకపోతే తీసి జేబులో వేసుకుని ముందుకెళ్లొచ్చు. ఆ హోల్‌కి సున్నా, అంతే. రోజంతా పాడైపోదు, వెనకవాళ్లూ ఆగిపోరు.

ఆటలో అరటిపండుకీ హ్యాండిక్యాప్‌కీ తేడా ఇదే. మొదటిది జాలిపడి చేర్చుకోవడం. రెండోది లెక్కగట్టి చేర్చుకోవడం. చేర్చుకున్నాక ఆమె గెలిస్తే గెలిచినట్టే!

వారం ఇలా నడుస్తుంది

ఆట రోజు మారదు. అది మంగళవారం అయితే ఏడాదంతా మంగళవారమే. రెండు మూడు రోజుల ముందే పేర్లు ఇవ్వాలి. గడువు దాటాక పోటీల కార్యదర్శి నలుగురేసి చొప్పున జట్లు వేస్తుంది. ఎప్పుడూ స్నేహితురాళ్లే కలిసి ఆడకుండా పేర్లు కలిపేస్తుంది. ఒక కొత్తావిడ పక్కన ఒక పాతావిడ ఉండేలా చూస్తుంది. జట్టుకీ జట్టుకీ మధ్య ఎనిమిది, పది నిమిషాల ఎడం. రాలేనివాళ్లు ముందుగా కబురు చేయాలి. చెప్పకుండా మానేస్తే మిగతా ముగ్గురికీ ఇబ్బంది.

ఎవరి స్కోరు వాళ్లు రాసుకోరు. పక్కావిడ రాస్తుంది. చివర్లో ఇద్దరూ సంతకం పెడతారు. పోయిన బంతి కోసం మూడు నిమిషాలకు మించి వెతక్కూడదని 2019 నుంచి నిబంధన. తొమ్మిది హోల్స్‌కి రెండు గంటల పైన, 18 అయితే నాలుగు గంటల పైన పడుతుంది కాబట్టి ఇంట్లో పని చూసుకుని ఎవరికి కుదిరింది వాళ్లు ఆడొచ్చు. తలా కొంచెం వేసుకున్న డబ్బుతో గెలిచినవాళ్లకి రెండో మూడో బంతులు బహుమతిగా ఇస్తారు. ఆట తర్వాత టీ తాగుతూ ఫలితాలు చదువుతారు. కెప్టెన్ పదవి ఏడాదికొకరిది. అందుకే పెత్తనం ఒకరి చేతిలోనే ఉండిపోదు.

ఎండ మాట వినాల్సిందే

కువైట్‌లో ఏ ఆటకైనా అసలు అంపైర్ సూర్యుడే! 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. వేసవిలో ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు బయట పనులే చేయించకూడదని ఇక్కడి నిబంధన. ఇక ఆట సంగతి చెప్పేదేముంది? కాబట్టి వేసవిలో తెల్లవారుజామున గానీ, దీపాల వెలుతురులో రాత్రిపూట గానీ ఆడాలి. ఇసుక తుపాను వస్తే కార్డులు మడిచి ఇంటికి పోవడమే. రంజాన్ నెలలో వేళలు మారతాయి. శుక్రవారం అయితే మధ్యాహ్నం నమాజు వేళ చూసుకోవాలి. ఇవన్నీ సీజన్ మొదట్లోనే క్యాలెండర్‌లో రాసుకుంటే గొడవ ఉండదు.

ముందు సెలవు, తర్వాతే ఆట

ఇప్పుడు మనవాళ్ల సంగతికొద్దాం. కువైట్‌లోని తెలుగు మహిళలందరి పరిస్థితీ ఒకటి కాదు. ఆస్పత్రుల్లో షిఫ్టుల మీద పనిచేసే నర్సులున్నారు. భర్త వీసా మీద వచ్చి సాల్మియాలోనో, అబ్బాసియాలోనో, మంగాఫ్‌లోనో ఫ్లాటుకే పరిమితమైన గృహిణులున్నారు. కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి అరబ్బుల ఇళ్లలో పనిచేస్తున్న అక్కచెల్లెళ్లున్నారు. శుక్రవారం మాలియా వీధుల్లో తెలుగు మాట వినబడుతుంది కదా... అక్కడికి రాగలిగేది ఆ రోజు బయటికి పంపే ఇంట్లో పనిచేసేవాళ్లే.

2015లో వచ్చిన 68వ నంబర్ చట్టం ఇంటి పనివాళ్లకి వారానికో రోజు సెలవు, రోజుకి 12 గంటలకు మించని పని, ఏడాదికి 30 రోజుల వేతన సెలవు ఇవ్వాలంటుంది. కాగితం మీదున్న సెలవు గడప దాటి వస్తేనే అది సెలవు. వారం వారం ఆట అనే మాటకి అర్థం రావాలంటే ముందు వారం వారం ఒక పూట మనది కావాలి. ఫ్లాటులో ఉన్న గృహిణికైనా అంతే. సెలవు ఇవ్వాల్సిన యజమాని అక్కడ కఫీల్, ఇక్కడ సంసారం!

మనం తీసుకోదగ్గవి

గోల్ఫ్ కర్రలు కొననక్కర్లేదు. త్రోబాల్, షటిల్, క్యారమ్స్, ఆఖరికి నడక... ఏదైనా సరే. రోజు ఒకటి ఖాయం చేసుకోండి. కొత్తవాళ్లకి పాయింట్ల వెసులుబాటు ఇవ్వండి. షటిల్‌లో 21 పాయింట్ల ఆటైతే కొత్తావిడ ఆరు దగ్గర మొదలుపెడితే తప్పేంటి? ప్రతి నెలా ఆమె స్కోరు చూసి ఆ ఆరుని నాలుగు చేయండి. జట్లు చీటీలు వేసి కలపండి. కారున్నవాళ్లు లేనివాళ్లని ఎక్కించుకునే వంతులు రాసుకోండి. పిల్లల్ని చూసుకునే వంతు ఆ రోజు నాన్నలకి అప్పగించండి. ఇళ్లలో పనిచేసే చెల్లెళ్లకి ఏ వేళ కుదురుతుందో కనుక్కుని, నెలకి ఒక్కసారైనా ఆట ఆ వేళకి పెట్టండి. ఒకసారి రాలేకపోయినా పట్టికలోంచి పేరు కొట్టేయకండి.

గెలుపోటములు ఎవరికీ గుర్తుండవు. "వచ్చే వారం నీ పేరు రాశాం, రావాలి" అని ఒకరు ఫోన్ చేస్తారు చూడండి, ఆ మాట గుర్తుంటుంది. పరాయి దేశంలో ఒంటరితనానికి ఇంతకన్నా మంచి మందు మాకు తెలియదు.