హెడ్‌ఫోన్స్ కొంటున్నారా? ముందు మీ రూటు చూసుకోండి!

హెడ్‌ఫోన్స్ కొనేటప్పుడు చాలామంది చూసేవి మూడే... ఆఫర్, బేస్, బ్యాటరీ. అసలు చూడాల్సింది ఇంకోటుంది. అవి పెట్టుకుని రోజూ ఎక్కడ తిరుగుతాం? గదిలో సగం వాల్యూమ్‌కే హాయిగా వినిపించే పాట, ఆర్టీసీ బస్సులో ఇంజిన్ పక్కన కూర్చుంటే వినపడదు. వేలు దానంతటదే వాల్యూమ్ బటన్ మీదికి పోతుంది. చెవికి ముప్పు మొదలయ్యేది అక్కడే.

4 గంటల కోటా

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటల దాకా వినొచ్చు. అదే 90కి పెంచితే 4 గంటలే! డెసిబెల్ స్కేల్‌లో పది పెరగడమంటే ధ్వని శక్తి పది రెట్లవడం మరి. రానూపోనూ రోజుకి రెండు గంటలు ప్రయాణించేవాళ్లకి ఆ కోటా మంగళవారానికే అయిపోతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. అందుకే మంచి హెడ్‌ఫోన్ అంటే గట్టిగా మోగేది కాదు, తక్కువ వాల్యూమ్‌లోనే స్పష్టంగా వినిపించేది.

మెట్రో, బస్సు, రైలు

వీటికి నాయిస్ క్యాన్సిలేషన్ (ఏఎన్‌సీ) ఉన్నవి బెస్ట్. చిన్న మైకులు చుట్టుపక్కల మోతని పట్టుకుంటాయి. దానికి సరిగ్గా ఉల్టా తరంగాన్ని స్పీకర్ పుట్టిస్తుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1978లో విమానంలో వెళ్తూ ఇంజిన్ మోతకి పాట సరిగా వినపడక అమర్ బోస్ ఈ ఐడియా మీద పని మొదలుపెట్టాడు.

అయితే ఇది బాగా తగ్గించేది ఇంజిన్ హోరు, ఏసీ మోత లాంటి ఆగకుండా వచ్చే శబ్దాలనే. హారన్లు, పక్క సీటాయన ఫోన్ ముచ్చట్లు పూర్తిగా పోవు. వాటిని అడ్డుకోవాల్సింది రబ్బరు టిప్. బాక్సులో సాధారణంగా మూడు సైజులిస్తారు. మనమేమో బడ్‌కి తగిలించి ఉన్నదే వాడేస్తాం! మూడూ మార్చి చూడండి. టిప్ సరిగ్గా కూర్చుంటే మీ మాట మీకే కుండలోంచి వచ్చినట్టుంటుంది, బేస్ కూడా పెరుగుతుంది. చెవిని మొత్తం కప్పే ఓవర్ ఇయర్ రకం ఏసీ కోచ్‌లో సుఖమే కానీ, మే నెల ఎండలో చెవులు ఉడికిపోతాయి.

నడక, జాగింగ్

ఆర్కే బీచ్‌లోనో, మీ కాలనీ రోడ్డు మీదో నడిచేవాళ్లకి లెక్క తిరగబడుతుంది. ఇక్కడ బయటి శబ్దం వినపడాలి. చెవి రంధ్రాన్ని మూయని ఓపెన్ ఇయర్, బోన్ కండక్షన్ రకాలు ఇందుకే. వెనక వచ్చే బండి తెలుస్తుంది. వీటినే బస్సులో వాడితే మాత్రం వాల్యూమ్ పెంచక తప్పదు.

బైక్ మీద ఏ రకమూ వద్దు. ఒక చెవిలోనే పెట్టుకున్నా సరే! హారన్ ఏ వైపు నుంచి వస్తుందో మెదడు పసిగట్టేది ముఖ్యంగా రెండు చెవులకీ అది చేరడంలో ఉండే తేడాని బట్టే. ఒక చెవి మూస్తే ఆ లెక్క తప్పుతుంది.

చెమట, వాన, దుమ్ము

చెమటకీ చినుకులకీ ఐపీఎక్స్4 సరిపోతుంది. కానీ అందులోని ‘ఎక్స్’ అంటే దుమ్ము సంగతి చెప్పలేదని అర్థం. దుమ్ము రోడ్ల మీద తిరిగేవాళ్లు ఐపీ54 లాంటివి చూడండి. చార్జింగ్ కేసుకి ఈ రేటింగ్ ఉండాలనేం లేదు. తడి బడ్స్‌ని తుడిచాకే లోపల పెట్టండి.

కొనేముందు ఒక ట్రిప్

ఇయర్‌బడ్స్‌కి చాలాచోట్ల రిటర్న్ ఉండదు, రీప్లేస్‌మెంటే. అందుకే ఫ్రెండ్ దగ్గర ఆ మోడల్ ఉంటే అడిగి, టిప్స్ మార్చుకుని, మీరు రోజూ ఎక్కే బస్సులోనే ఒక ట్రిప్ వినండి. వాల్యూమ్ 60 శాతం దాటకుండా పాటలో మాటలు స్పష్టంగా వినిపిస్తే కొనేయండి. దాటితే... ఆఫర్ ఎంత ఊరించినా వదిలేయండి. దిగాక చెవుల్లో గుయ్‌మంటోందా? అయితే వెళ్లాల్సింది షోరూమ్‌కి కాదు, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి.