శ్రుతి తెగనివ్వని తోలుతిత్తి

దైవకథాగానం జరుగుతున్నప్పుడు మన చూపు కథకుని మీదనే నిలుస్తుంది. అతని వెనుక నిలబడి, బుగ్గలు పూరించి, చంకలోని తోలుసంచిని అదుముతూ ఒకే స్వరాన్ని పలికించే వానిని మీరెప్పుడైనా గమనించారా? ఆ వాద్యమే తిత్తి. పేరు కొత్తగా తోచవచ్చు గానీ, అది మనలోనే ఉంది. శ్వాసకోశాలను మన పెద్దలు ఊపిరితిత్తులు అన్నారు. కమ్మరి కొలిమిని రగిలించేదీ తిత్తియే.

మేకతోలును నిలువునా చీల్చకుండా సంచివలె ఒలిచి, శుద్ధిచేసి, గాలి పోకుండా కాళ్లవద్ద బిగించి కడతారు. ఒక గొట్టం గాలి ఊదడానికి, మరొకటి నాదం పలకడానికి. ఆ రెండవ గొట్టంలోని సన్నని నాలుక కంపించి శ్రుతినిస్తుంది. సన్నాయివలె తిత్తి రాగాలు పలకదు. దానిది ఏకస్వరం. వాదకుడు ఊపిరి తీసుకొనే క్షణంలో అతని చేయి సంచిని అదుముతుంది. కనుక నాదం తెగదు.

పూరించడం, నిలపడం, విడవడం! ప్రాణాయామంలోని పూరక, కుంభక, రేచకాలు ఇందులో స్ఫురించడం లేదా? తత్త్వకవులు దేహాన్ని తోలుతిత్తితో పోల్చడంలోని ఆంతర్యమూ ఇదే. గాలి ఉన్నంతవరకే దేనికైనా విలువ. ఆ గాలితో ఏమి పలికించామన్నదే ప్రశ్న.

యాదవుల గంగ కొలుపుల్లో కాటమరాజు కథ పాడే కొమ్ములవారు వీరణంతోపాటు తిత్తినీ వాయించేవారు. పశువుల మేతకు చెల్లించవలసిన పుల్లరి విషయమై నెల్లూరి నల్లసిద్ధితో కాటమరాజు చేసిన పోరు ఆ గాథలకు ప్రాణం. వీధి భాగవతాలకూ తిత్తియే శ్రుతి పట్టింది. ఆలయపు గడప దాటనివ్వని కాలంలోనూ దళిత కళాకారుల ఊపిరి దేవతల కథలను నిలబెట్టింది. వారి శ్వాస పవిత్రమై, వారి స్పర్శ మాత్రం దోషమెలా అయింది? మనం నేటికైనా వేసుకోవలసిన ప్రశ్న ఇది.

తరువాత హార్మోనియం వచ్చింది. ఆపై విద్యుత్తుతో పనిచేసే శ్రుతిపెట్టె వచ్చింది. మీట నొక్కితే చాలు, అది అలసట లేకుండా మోగుతుంది. తిత్తి అరుదైపోయింది.

ఈసారి మీ ప్రాంతపు జాతరలో ఆ నాదం వినిపిస్తే ఒక్క క్షణం ఆగండి. వాదకుని పేరు అడగండి. మీ పిల్లలకు చూపండి. తాను పాడకుండా, పాడేవారికి ఆధారంగా నిలవడమూ భగవత్సేవయే.