బి.పి. పడిపోతే గుండెకు మందిస్తే చాలదా?

చక్కెరవ్యాధి ఉన్న మనిషికి కాలిమీద చిన్న పుండు లేచింది. నాలుగు రోజులు ఇంట్లోనే పసుపు అద్దారు. అయిదోనాడు చలిజ్వరం, ఆయాసం, మాట తడబాటు. ఆస్పత్రికి చేర్చేసరికి పై బి.పి. 70కి దిగిపోయింది. “సెప్టిక్ షాక్” అన్నారు డాక్టర్లు. సెలైన్ పెట్టి, మరో మందు చుక్కలు చుక్కలుగా ఎక్కిస్తున్నారు. “గుండెకు మందు పడింది కదండీ, ఇక ఫరవాలేదుగా?” అని ఇంటివాళ్ళు అడుగుతారు.

ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే షాక్‌లో ఏం జరుగుతుందో తెలియాలి. పుండులోనో, ఊపిరితిత్తుల్లోనో, మూత్రకోశంలోనో చేరిన సూక్ష్మజీవుల మీద శరీరం అదుపు తప్పి తిరగబడుతుంది. ఆ తాకిడికి రక్తనాళాలు బిగువు కోల్పోయి వెడల్పవుతాయి. వాటి గోడలగుండా నీరు బయటికి ఊరిపోతుంది. గొట్టాలు వెడల్పై, పైగా కారుతుంటే మోటారు ఎంత తిరిగినా మేడమీది కుళాయికి నీళ్ళెక్కవు కదా! అలాగే మెదడుకూ, మూత్రపిండాలకూ రక్తం చాలదు.

కాబట్టి ముందు కావలసింది నీరు. సాధారణంగా మొదటి 3 గంటల్లో కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల చొప్పున, అంటే 50 కిలోల మనిషికి లీటరున్నర, సెలైన్ వంటి ద్రవం ఎక్కిస్తారు. దానితో బి.పి. నిలవకపోతే నారడ్రినలిన్ ఇస్తారు. ఇది ముఖ్యంగా రక్తనాళాలను బిగిస్తుంది. సగటు బి.పి. 65 దగ్గర నిలబెట్టడం దీని లక్ష్యం.

ఒకప్పుడు డోపమిన్ వాడకం ఎక్కువ. షాక్‌లో ఉన్న 1679 మందిపై జరిపిన పరిశీలన 2010లో వెలువడింది. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాని గుండె లయ తప్పడం డోపమిన్ తీసుకున్నవారిలో నూటికి 24 మందికి, నారడ్రినలిన్ తీసుకున్నవారిలో 12 మందికి జరిగింది. అందుకే ఇప్పుడు నారడ్రినలిన్‌దే మొదటి స్థానం. గుండె కండరమే నీరసించి, రక్తం చాలినంత అందనప్పుడు డోబుటమిన్ కలుపుతారు.

అయితే అలసిన ఎద్దును ములుగర్రతో పొడిస్తే నాలుగడుగులు వేస్తుందే గాని, దాని అలసట తీరదు. ఈ మందులూ అంతే. మోతాదు మించితే గుండె దడదడలాడుతుంది, వేళ్ళకు రక్తం తగ్గి నల్లబడవచ్చు. అందుకే క్షణక్షణం కనిపెట్టి చూసే చోటనే వీటిని ఇవ్వాలి. ఇవి ఇచ్చేది వ్యవధి మాత్రమే. జబ్బును కుదిర్చేవి, షాక్ గుర్తించిన గంటలోపు పడవలసిన యాంటీబయాటిక్ మందులు. చీము ఉంటే దాన్ని తీసివేయడం.

ఆ గంట మీ చేతుల్లోనే ఉంది. జ్వరంతోపాటు మగత, ఆయాసం, నాడి వేగం, మూత్రం తగ్గడం, చేతులు చల్లబడడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. ముసలివారికి జ్వరం లేకుండానే ఇలా రావచ్చు. బాలింతల్లో మరింత జాగ్రత్త. ఇంట్లో మిగిలిన మాత్రలు మింగించి కాలయాపన చేయకండి. వెంటనే పెద్దాస్పత్రికి తీసుకువెళ్ళండి.