ఒకే ఆట, వేర్వేరు తీర్పులు

దక్షిణ ఢిల్లీలో జేఎన్‌యూ, ఐఐటీలకు చేరువగా ఉన్న బేర్ సరాయ్ వంటి విద్యార్థుల పేటలో ఒకరు ఫోన్‌లోనూ మరొకరు ల్యాప్‌టాప్‌లోనూ ఆడే వీడియో గేమ్ ఒకటే అయినా, దానిపై ఇద్దరి అభిప్రాయాలు కలవకపోతే అందుకు అభిరుచి భేదం ఒక్కటే కారణం కాదు. గేమ్ నడిచే పరికరాన్నీ, దాని ఆపరేటింగ్ సిస్టమ్‌నూ కలిపి ప్లాట్‌ఫామ్ అంటారు. ప్రాసెసర్ వేగం, మెమరీ, తెర పరిమాణం, ఆడే విధానం ప్రతి ప్లాట్‌ఫామ్‌కూ మారతాయి కనుక, ఒకదానికోసం రూపొందించిన గేమ్‌ను మరొకదానికి మలచడానికి, అంటే పోర్టింగ్‌కు, ఎంతో శ్రమ అవసరమవుతుంది. దృశ్యాలను గీయడం, కదలికలను లెక్కించడం వంటి ఉమ్మడి పనులను సిద్ధంగా అందించే యూనిటీ, అన్‌రియల్ వంటి గేమ్ ఇంజిన్లు ఈ భారాన్ని తగ్గిస్తాయే గాని పూర్తిగా తొలగించవు.

2020 డిసెంబరు 10న విడుదలైన సైబర్‌పంక్ 2077 అనే గేమ్ శక్తిమంతమైన కంప్యూటర్లలో మెప్పు పొందినా, పాత గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 4లో తడబడటంతో, ఆ కన్సోల్ తయారీ సంస్థ సోనీ దాన్ని కొద్ది రోజులకే తన ఆన్‌లైన్ దుకాణం నుంచి తొలగించింది. 2021 జూన్‌లో గాని అది తిరిగి అక్కడికి చేరలేదు. విడుదల సమయం కూడా ప్లాట్‌ఫామ్‌ను బట్టి మారవచ్చు: భారత్‌లో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా (బీజీఎంఐ) గేమ్ 2021 జూలైలో ఆండ్రాయిడ్ ఫోన్లకు వస్తే, ఐఫోన్లకు ఆగస్టులో వచ్చింది. అందువల్ల గేమ్‌పై వెలువడిన ఏ తీర్పునైనా, అది ఏ పరికరంపై ఆడి చెప్పినదో తెలిసిన తర్వాతే తూకం వేయడం సమంజసం.